వంతెన మీద ఆగిన మనిషి

మాస్టారి భార్య పోయి మూడు నెలలైంది. ఇంట్లో ఆమె ఫొటో ఒక్కటీ లేదు. ఆ సంగతి చెప్పకుండానే ఆయన ఏలూరు ఫొటోల షాపులో కూర్చుని, పాత వీధి ఫొటోను భూతద్దంతో చూస్తున్నారు.

“మా నాన్నగారు తీసిందండీ. ఊరి పేరు తప్ప ఏమీ రాయలేదు. ఇదెక్కడో చెబుదురూ!” అన్నాడు షాపతను.

“కాలవ వంతెనండీ. ఇది తివాచీల కొట్టు. మరి ఇక్కడ పొగలా ఉందేమిటి?”

“నడిచేవాళ్లండీ. నాన్నగారిది పాతకాలం పెట్టె కెమెరా, దానికి కుదురుగా నిలబడ్డవాళ్లే పడేవారు. ఇదిగో, ఈవిడలాగ! ఎవరోగానీ, బొమ్మలా నిలబడిందండీ.”

మాస్టారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.

“మా ఆవిడేనండీ.”

“అయ్యో! మరి మీరేరండీ?”

“పదడుగులు ముందు నడిచేవాణ్ణి, ఎప్పుడూ అంతే. కాసేపాగండీ, పడవలు చూద్దాం అంది. రైలుకు వేళైందని నేనాగలేదు.”

“అమ్మగారు పడవలకేసి చూడ్డం లేదండీ. ఆ పొగకేసి, మీరు వెళ్లినవైపే చూస్తున్నారు.”

మాస్టారు భూతద్దాన్ని ఆ పొగ మీదికి జరిపారు.

“పోనీ మాస్టారూ, అమ్మగారొక్కరినే పెద్దది చేసి ఇవ్వనా?”

“వద్దండీ. ఆవిడ చూస్తున్నవైపు కూడా ఉండనివ్వండి.”