పారబోసేదాన్ని చూడమన్న మనిషి

మిత్రులారా, విద్యార్థులారా, యాంగ్ షున్-తెగారూ,

ఇంత వానలోనూ తైనాన్ నలుమూలల నుంచీ వచ్చారు. వెనక వరుసలో మందుల కంపెనీవారూ ఉన్నారు. ఉండండి, మీతోనూ పనుంది. మా ప్రొఫెసర్ లియావ్ షూ-హుయ్ ఇక లేరు. ఎందుకు లేరో ఈ హాల్లో సగంమందికి తెలుసు. మిగతావాళ్లకూ తెలియాలి.

కణం రెండుగా చీలే ముందు తన డీఎన్ఏకు ఒక్కసారే నకలు తీసుకుంటుంది. రెండోసారి మొదలుకాకుండా అడ్డుపడే ప్రొటీన్ ఒకటుంది. ఆమె జీవితమంతా దాని వెంటే పడ్డారు. దాన్ని పనిచేయనివ్వకపోతే కేన్సర్ కణాలు నకలు మీద నకలు తీసుకుని చస్తాయి, మంచి కణాలు పెరగడం ఆపి ఊరుకుంటాయి. మా ప్రయోగాలు అలాగే చెప్పాయి. మందు తయారైంది. మొదట తీసుకోబోయే కేన్సర్ రోగుల్లో ఆమె కూడా ఒకరు.

ఆమె ఎలాంటి మనిషి? యంత్రం మొరాయించకూడదని ఇంక్యుబేటర్ మీద మనం చిరుతిండి ప్యాకెట్ పెడతాం కదా, దాని తేదీ దాటితే ఊరుకునేవారు కాదు. "పాతది పెట్టి దాన్నీ మోసం చేస్తారా?" అని కసిరేవారు.

కణాలు లెక్కపెట్టే ముందు గిన్నె కడుగుతాం. పైకి తేలినవి చచ్చినవేనని పారబోస్తాం. ఈ పనిలో ఉన్నవాళ్లందరూ చేసేదే. రోగులకు మందు మొదలుపెట్టడానికి కొద్దిరోజుల ముందు, ఆమె ఆసుపత్రి నుంచి నేరుగా ల్యాబ్‌కి వచ్చి, సింకు దగ్గర నా చెయ్యి పట్టుకున్నారు. "ఆగవయ్యా. చచ్చాయని నీకెవరు చెప్పారు?"

చూశాం. బతికే ఉన్నాయి. అవి మంచి కణాలు! ఉండాల్సినదానికి రెట్టింపు డీఎన్ఏతో ఉన్నాయి. వేరే గిన్నెలో వేస్తే కేన్సర్ కణాల్లాగే అదుపు లేకుండా పెరిగాయి. పెరుగుదల ఆగిందా? ఎక్కడ ఆగింది? పెరిగేవాటిని మేమే పారబోస్తూ వచ్చాం.

ఆమె సంతకం లేనిదే మందు కదలదు. ఆమె పెట్టలేదు. కంపెనీవారు నచ్చజెప్పారు, కోప్పడ్డారు. యాంగ్‌గారు మాత్రం ఏడ్చారు. ఎవరికీ ఇవ్వకపోయినా నువ్వొక్కదానివి తీసుకో అని భార్యను బతిమాలారు. ఆమె అన్నది ఒకటే మాట: "నేను తీసుకుంటే, రేపు ఇంకొకరి భార్యకు వద్దని ఏ మొహంతో చెప్పను?"

ఆమె పోయిన మర్నాడే కంపెనీ నుంచి నాకు ఫోన్ వచ్చింది. ఇప్పుడు సంతకం పెట్టాల్సింది మీరే కదా అన్నారు. అయ్యా, వెనక వరుసలో ఉన్నవారూ, జవాబు అందరి ముందూ చెబుతున్నాను. పెట్టను.

యాంగ్‌గారూ, ఆమె మీద మీకింకా కోపముంటే అది న్యాయమే. మీరు లేవనక్కర్లేదు, మేమెవరమూ తప్పుపట్టం. మిగతా అందరూ దయచేసి ఆమె కోసం లేచి నిలబడండి.