గుమ్మంలో కనక

హలో… ఆ, నేనేనే, అమ్మని. బేగి ఎత్తవేటే రమణీ…

పడుకున్నావా. సరే. ఆపరేషన్ కుట్లు లాగతన్నాయా… పసిది పాలు తాగతందా… ఊఁ. మంచిది.

నేదు, ఏటీ అవ్వనేదు. ఊరికే సేసేను.

…నా గొంతుకేటి, బాగానే ఉంది.

సెప్తన్నాను కదా, ఉండు. నీ కొడుక్కి జొరం. నిన్నటి నుంచి ముక్కు కారతంది, దగ్గు. పొద్దున్న ఒళ్ళు పెనంలా కాలిపోయింది. సోడంబలి పడదామని మల్లేశుని ఒళ్ళో కూకోబెట్టుకున్నాను. రెండు గుక్కలు తాగేడు, అంతే. కళ్ళు తేలేసేడు. బిగుసుకుపోయి కాళ్ళూ సేతులూ కొట్టుకోడం… పెదాలు నీలం…

ఏడవకు. ఏడిస్తే కుట్లు ఊడతాయి. ఇను ముందు.

తగ్గిపోయింది. ఇప్పుడేటీ నేదు.

ఎంతసేపంటే… నాకేటి తెల్సు. అగ్గి ఊది, కొడవలి పొయ్యిలో పెట్టి వచ్చేసరికి ఆగిపోయింది.

…ఆ. కొడవలే.

నేదే, ఇంకా వాత పెట్టనేదు. కాలతంది.

ఎందుకంటావేటి. గాలి కొట్టినోడికి వాత పెట్టకపోతే మళ్ళీ కొడతాది. నీకు పెట్టనేదా? బొడ్డు సుట్టూ పెట్టేను, బతికేవు, ఇద్దర్ని కన్నావు. నిన్ను కోసిన డాక్టరమ్మ అడగనేదా, ఏటమ్మా ఈ మచ్చలని…

అడిగిందా.

మా అమ్మ పెట్టిందని సెప్పేవా. సెప్పు. నాకేటి సిగ్గు.

…ఏటన్నాది?

మళ్ళీ సెప్పు. నెమ్మదిగా.

…జొరం ఎక్కితే సంటి పిల్లలకి వస్తాదా. అయిదేళ్ళ లోపోళ్ళకి… ఊఁ… తల్లికి వస్తే పిల్లలకీ వస్తాదా. ఊఁ.

పక్కకి తిప్పి పడుకోబెట్టాలా. నోట్లో ఏటీ పెట్టకూడదా… నీళ్ళు కూడానా. అయిదు నిమిషాలు దాటితే నూట ఎనిమిదికి సెయ్యాలా. ఆగిపోయినా తెచ్చి సూపించాలా.

…దానంతట అదే ఆగిపోతాదా.

రెండు మూడు నిమిషాలే?

ఉండు. ఉండవే. మా అత్త నాకు నేర్పింది ఈ పని. నలభై ఏళ్ళు సేసేను. ఎప్పుడు సూసినా వాత పడగానే ఆగేది. మంగ్లు కొడుక్కి ఆగింది. నీకు ఆగింది. నా కళ్ళతో సూసేను.

…కొడవలి ఎర్రబడ్డానికి ఎంతసేపా?

అదే… రెండు మూడు నిమిషాలు.

అంటే అది ఎల్పోయేకే నేను కాల్సేనంటావు. అందర్నీ.

గట్టిగా మాటాడకు. ఇంట్లో మనుషులున్నారు. ఉండు, పెరట్లోకి వస్తాను…

ఆ, సెప్పు. ఇక్కడైతే దానికి ఇనపడదు.

కనకకి. బుధు పెళ్ళానికి. మన గుమ్మంలో నిలబడ్డాది. గుంటడు కొట్టుకోడం సూసింది, పొయ్యి ఊదడం సూసింది. ఏటీ అనదు. కూకోమంటే కూకోదు.

వానల్లో ఆళ్ళ కూతురు, ఆ గుంట, పోయింది కదా. గాలి కొట్టి పోయిందని నీకు సెప్పేను…

…నేదు. గాలికి కాదు.

గాలి ఆగిపోయిందే. మర్నాడు లేచి ఆడుకుంది కూడా. వాతలే సీం పట్టేయి. కడుపంతా వాసిపోయింది. పదో రోజు పోయింది.

ఎలా సెప్పమంటావు? నువ్వప్పుడు కడుపుతో ఉన్నావు.

అది కాదు. ఇంకోటుంది. ఇను. గుంటని మట్టిలో పెట్టి వచ్చేక, అందరూ ఉండగా, కనకని నేను తిట్టేను. కాళ్ళు నువ్వు గట్టిగా పట్టుకోనేదు, మెలి తిరిగిపోయింది, వాత తప్పు సోట పడింది, నీ సేతులే సంపేయి నీ కూతుర్ని, అన్నాను. నమ్మింది. బుధు నమ్మేడు. ఆ రోజు దాన్ని ఎలా కొట్టేడో… పన్ను ఊడిపోయింది. నేను అడ్డెళ్ళనేదు.

…తిట్టు. తిట్టించుకుంటాను.

ఇప్పుడు సెప్పు. నా మనవడికి జొరం మందు పోసి, పక్కకి తిప్పి పడుకోబెట్టి, కొడవలి తీసి సూరులో గుచ్చేస్తే, కనక నన్ను ఏటడుగుతాది? మీ పిల్లడికి అక్కర్లేని వాత నా పిల్లకెందుకు పెట్టేవు అంటాది. ఏటి సెప్పాలి నేను?

తప్పయిపోయిందనా. అంత సులువేటి. బుధు నన్ను నరికేస్తాడు. బుధు ఊరుకున్నా ఊరు ఊరుకోదు. ఎన్ని ఇళ్ళలో పెట్టేనో నీకు తెల్సా?

మనవడి కన్నా నీకు నీ పరువే ఎక్కువా అంటావు…

అలగే అనుకో.

…నేదు. నీ మాట అబద్ధమని కాదు. నిజమే అనిపిస్తంది నాకూ. అందుకే బయ్యం. నిజమని కనకకి తెలిసిపోకూడదు.

ఒక్కటే పెడతాను. సిన్నది. కొన తగిలించి తీసేస్తాను, ఆకుపసరు రాస్తాను, నాలుగు రోజుల్లో మానిపోద్ది. ఒట్టు.

ధర్మా? ఇంట్లోనే ఉన్నాడు, కాఫీ కోతకి ఎల్లనేదు. ఉండు, లోపలికి ఎల్తన్నాను… పొయ్యి మందగించింది, మళ్ళీ ఊదాలి.

ఇదిగో ధర్మా, రమణి. మాటాడు.

…తల అడ్డంగా ఊపతన్నాడు. మాటాడడంట. నీ మొగుడే కదా, నన్నడుగుతావేటి. ఏనాడైనా నా మాటకి ఎదురు సెప్పేడా.

గుంటడా? బాగున్నాడు. సెమట పట్టింది, జొరం దిగింది. అయ్య ఒళ్ళో కూకుని ఫోను కోసం సెయ్యి సాస్తన్నాడు… ఇనిపించిందా? అమ్మ అంటన్నాడు.

డాక్టరమ్మ వచ్చిందా? ఆవిడికి ఫోను ఇవ్వకు. ఇవ్వొద్దన్నాను… నమస్కారమండీ. ఆఁ. తెలిసిందండీ. సెప్పింది. పోలీసులకి సెప్తారా, సెప్పుకోండి. ఈ వాగులూ గెడ్డలూ దాటి ఆళ్ళు వచ్చేసరికి పొద్దు వాలిపోద్ది. మా పిల్లకి ఇచ్చీండి.

రమణీ. కొడవలి ఎర్రబడింది.

పెట్టెయ్యి ఫోను. నువ్వు ఇనకూడదు.

…పెట్టవా. ఇది ఎక్కడ నొక్కితే ఆగుతాదో నాకు తెలీదే. సరే. కింద పెడతన్నాను. సెవి మూసుకో.

ధర్మా, రెక్కలు పట్టు. సొక్కా ఎత్తు. ఏటీ నేదురా నాయనా, అమ్మమ్మనే. ఇలా సూడు.

కనకా, ఎంతసేపు నిలబడతావు. రా అమ్మా. కాళ్ళు పట్టు.

ఏటి… ఎన్నంటే?

ఒక్కటేనే. సిన్న పిల్లడు కదా, ఒక్కటి సాల్తాది…

…

ఆ. నాలుగు పెట్టేను. మీ గుంటకి నాలుగు పెట్టేను.

…సరే. నాలుగే. పట్టుకో.