ఉపాసం మడి

బీజాపూర్ జిల్లా, ఉసూర్‌కి దగ్గరి పల్లె. పొద్దెక్కిన వేళ వంకాయ తోటలో ఇద్దరు: మట్టిలోంచి లేచే గాలిని కొలిచే ఉద్యోగి శ్రీరంగం, తోట మనిషి సోమి.

"నేను ఎయ్యలే అంటే ఎయ్యలే సారూ."

"మరెవరు వేశారు పెద్దమ్మా? యూరియా ఆకాశంలోంచి పడిందా?"

"ఏమో. నాకేమెరుక."

"పొద్దున్నే జగదల్‌పూర్ లాబ్ నుంచి ఫోనొచ్చింది. నేను రాయపూర్ ట్రైనింగ్‌లో ఉన్న ఇరవై రోజులూ మీ అబ్బాయి ఇర్మా పంపిన సీసాలు చూశారట. యూరియా వేసిన మడుల్లోంచి గాలి వస్తోంది, సరే. ఏమీ వెయ్యని మడిలోంచి కూడా వస్తోంది. రావాల్సినదానికి నాలుగింతలు!"

"మావోడు సీసాలు అటివిటు జేసిండేమో."

"నేనూ అదే అనుకున్నా. నంబర్లన్నీ చూశాను. ఇర్మా ఒక్కటి కూడా తప్పలేదు."

"తప్పడు. తప్పడు వాడు."

"మరి?"

"మట్టి గద సారూ. దాని బుద్ధి దానిది."

"నవ్వులాట కాదు. ఈ మడికి ఉపాసం మడి అని పేరు పెట్టింది నువ్వే కదా?"

"ఏం బెట్టొద్దంటివి. ఏం బెట్టకుంటే ఉపాసమే గద."

"ఎందుకు పెట్టొద్దన్నానో చెప్పానా, లేదా?"

"చెప్తివి. మేం మూడు గుప్పిళ్ళ యూరియా ఏస్తే చెట్టు తినేది ఒక్క గుప్పెడు. మిగిలింది గాలైపోతది, నీళ్ళల్ల కారిపోతది. గాలి ఎంత పోతదో నువ్వు డబ్బా బోర్లిచ్చి, సూదితోని గుంజి, సీసల నింపుతవు."

"ఆఁ. అయితే ఏం వెయ్యకపోయినా మట్టి తనంతట తాను కొంత గాలి వదులుతుంది. అదెంతో ఈ మడి చెప్పాలి. దీన్ని పక్కన పెట్టుకునే మిగతా మడుల లెక్క తేల్చాలి. ఇది చెడిందంటే అన్నీ చెడినట్టే. రెండేళ్ళ పని పెద్దమ్మా, రెండేళ్ళ పని!"

"మల్ల మొదలువెట్టి కొలిస్తే కాదా?"

"ఎవరు కొలవనిస్తారు? నాది కాంట్రాక్టు నౌకరీ. ఈ పంటతో లెక్క తేలకపోతే ఇంటికి పొమ్మంటారు. మా పాపకి ఈ ఏడే బచేలీ బళ్ళో సీటు దొరికింది. ఏం చెప్పుకోను ఇంట్లో?"

"నీకు ఆడపిల్లనా సారూ?"

"ఆఁ. ఐదేళ్ళు."

"ఆడపిల్ల..."

"మాట మార్చకు. ఇలా రా, చూడు. మిగతా మొక్కలన్నీ పాలిపోయి ఉన్నాయా? ఈ మూడు మాత్రం నల్లగా నిగనిగలాడుతున్నాయి. వీటి మొదళ్ళ దగ్గర గుంటలు తీసి మళ్ళీ మట్టి కప్పారు. ఇవిగో, చేతివేళ్ళ గుర్తులు."

"కోళ్ళు గీకినయేమో."

"కోడి గుంట తీస్తుంది. పూడ్చదు."

"గంతే, గంతే."

"యూరియా పైపైన చల్లితే గాలైపోతుంది, గుంట తీసి పూడ్చమని మీకు నేర్పింది నేనే. నేను చెప్పినట్టే చేశారు. చెయ్యకూడని చోట చేశారు."

"వంకాయలు తెంపుకపోతవా సారూ? లేతగున్నయ్."

"వంకాయలు నాకెందుకు ఇప్పుడు! మీ కోడలు ఏది? నేను గాలి లాగుతుంటే గడియారం చూసి నిమిషాలు చెప్పేది కమ్లీయే కదా. ఆమెనడుగుతా. ఆమె దాచదు."

"ఇంట్ల ఉంది."

"ఉందా? నేను రాయపూర్ వెళ్ళేటప్పటికి ఇంకా నెలుందన్నారే. కాన్పయిందా? ఎవరు పుట్టారు?"

"టమాటలు గూడ ఉన్నయ్ సారూ. ఎర్రగ, మంచిగ..."

"కమ్లీ! ఓ కమ్లీ! ఒక్కసారి ఇటు..."

"పిలవకు."

"ఏం?"

"పిలవకు సారూ. దాన్ని పిలవకు. ఆ మడిల పోసింది అదే. నేను జూసిన. చూసి వద్దనలే. తిడితే నన్ను తిట్టు."

"కమ్లీయా? ఆమెకి అన్నీ తెలుసు కదా! ఎంత వేసింది? ఒక గుప్పెడా? ఎంతో తేలితే లెక్కలో ఏదో సర్దుకుంటాను."

"గుప్పెడు కాదు. గిలాసెడు. పొద్దుగాల ఒకపారి, పొద్దుగూకంగ ఒకపారి."

"గ్లాసా? యూరియా నీళ్ళలో కలిపి పోసిందా?"

"యూరియా కాదు."

"మరేంటి?"

"పాలు."

"పాలా? పాలు కూడా మట్టికి ఎరువే, అందుకే ఆ గాలి. కానీ మీరు ఆవుని పిండరు కదా."

"పిండం. ఆవు పాలు దూడయి."

"మరి ఎవరి..."

"ఇంక అడగకు సారూ."

"పెద్దమ్మా."

"ఆడపిల్ల పుట్టింది. నెల ముందల. ఇంతే ఉండె, నా రెండు చేతులల్ల పట్టేటంత. ఎనిమిది దినాలు బతికింది. పాలు కుడువనీకి నోట్ల బలం లేకపాయె. బీజాపూర్ ఆస్పత్రోళ్ళు చేసేదంత చేసిన్రు. పేరు గూడ పెట్టలే."

"అయ్యో... నాకెవరూ చెప్పలేదే. ఇర్మాతో ఫోన్లో మాట్లాడాను. ఒక్క మాట కూడా..."

"ఏం చెప్తడు? పిల్లను పూడ్చిపెట్టొచ్చి, తానం జేసి, నీ డబ్బాల కాడికే పాయె. ఆ దినం బేస్తారం. సీసాలు పంపే దినం. ఇయ్యాల ఇడిసిపెట్టురా అన్న. సారు నమ్మి ఇచ్చిపోయిండమ్మా అన్నడు."

"దేవుడా."

"పిల్ల పాయె, పాలు పోలే. రొమ్ములు రాయి లెక్క అయితయ్. జరమొస్తది. పిండితే గాని ఓర్సుకోదు. పిండినయి ఏడ పొయ్యాలె? తల్లిపాల మీద కాలు పడొద్దు మా కాడ. చీమ ముట్టొద్దు. ఇంటి సుట్టు అన్ని కాళ్ళే. మనుషులు, మేకలు, కోళ్ళు. నువ్వేమో ఈ మడి సుట్టు తాడు గట్టి, లోపల ఎవ్వరూ కాలు పెట్టొద్దంటివి."

"అన్నాను."

"ఊరందరికీ చెప్తివి. పిల్లగాండ్లు గూడ తాడు దాటరు. ఎంత తిరిగినా కాలు పడని జాగ ఇదొక్కటే దొరికె దానికి. వేళ్ళతోని గుంట దీసి, పోసి, కప్పుతది. 'ఇది గూడ ఆకలితోనే ఉండె గద అత్తా' అన్నది. నన్నేమనమంటవు?"

"ఏమీ అనొద్దు. ఏమీ అనొద్దులే."

"తప్పయింది సారూ. నీ నౌకరీ మీదికి వస్తదని దానికి తెల్వదు. నాకు గూడ ఇంత అని తెల్వదు. నీకూ ఆడపిల్ల ఉన్నది. రేపటి సంది ఈడ పొయ్యొద్దని దానికి చెప్త. ఇంకేడనన్న..."

"ఇంకా వస్తున్నాయా, పాలు?"

"వస్తనే ఉన్నయ్."

"నా డబ్బాలు ఈ పూటే తీసుకెళ్ళిపోతాను పెద్దమ్మా."

"కోపమొచ్చెనా బిడ్డా?"

"కోపం కాదు. డబ్బాలే తీస్తాను, తాడు విప్పను. ఎప్పుడన్నా తెగితే మళ్ళీ కట్టమని ఇర్మాతో చెప్పు."