తుకారాం గారి గుండుసూది చిట్టీలు

1953వ సంవత్సరం ఆగస్టు మూడవ తేదీన శ్రీ తుకారాం గారు నాగ్‌పాడాలోని మన కార్మిక వైద్యశాలలో రికార్డుల గుమాస్తాగా బాధ్యతలు స్వీకరించారు. కామాటిపురాలోని ఇరుకు గదుల వరుస ఇళ్ల చాల్‌లో, వలస వచ్చిన తెలుగు భవన నిర్మాణ కూలీల కుటుంబంలో జన్మించిన వారికి, తమవారి ఆరోగ్య వివరాలను పదిలపరచడం ఉద్యోగం మాత్రమే కాదు.

1961లో వర్లి శాఖకు బదిలీ అయి, 1970లో రికార్డుల అధికారిగా తిరిగి వచ్చారు. రోగి కార్డులో ఐదు గడులే ఉండేవి. వాటిలో ఇమడని విషయాన్ని వారు చిట్టీపై రాసి, తేదీ వేసి, చెప్పినవారి సంతకమో వేలిముద్రో తీసుకుని, గుండుసూదితో కార్డుకు గుచ్చేవారు. సంతకం లేని చిట్టీని డాక్టరు తెచ్చినా తిప్పిపంపే వారి మొండితనం మాకు విసుగు తెప్పించిన మాట నిజం.

1987లో కంప్యూటరు వచ్చింది. నేను ‘రోగి’ అనే క్లాసు, అంటే రోగులందరి వివరాలకూ ఒకే అచ్చు, రాసి, అందులో ఐదు గడులకు ఐదు ప్రాపర్టీలు, అంటే వివరాల అరలు, పెట్టి మురిసిపోయాను. చిట్టీల విషయాలు ఎక్కించబోతే నా ప్రోగ్రాం చడీచప్పుడు లేకుండా వాటిని వదిలేస్తోందని గమనించనే లేదు.

ఒక ఉదయం మహబూబ్‌నగర్ నుంచి వలస వచ్చిన కూలీ, మన పాత రోగి యాదమ్మ తీవ్ర జ్వరంతో చేరింది. తెర మీద ఏ హెచ్చరికా లేదు. డాక్టరు పెన్సిలిన్ సూది సిద్ధం చేస్తుండగా తుకారాం గారు పరుగున వచ్చారు.

“ఆగుండ్రి డాక్టర్ సాబ్! ఈమె కార్డుకు చిట్టీ ఉండె. ఆ సుయి ఈమెకు పడదు!”

పాత కార్డు తీస్తే చిట్టీ అక్కడే ఉంది. డాక్టరు ఆ సూదిని పక్కన పెట్టేశారు. వారు నన్ను పక్కకు పిలిచి నెమ్మదిగా అన్నారు: “సైదులూ, నీ మిషన్ చిట్టీ తీసుకోలే, సరే. తీసుకోలేనని ఒక్క మాట చెప్పాలె గద?”

ఆ మాట మీదనే ప్రోగ్రాం తిరగరాశాను. ఆ అచ్చులోంచి వచ్చే ప్రతి రోగి ఆబ్జెక్టుకూ, క్లాసు ముందుగా ఊహించని ప్రాపర్టీలను అప్పటికప్పుడు చేర్చుకునే సంచి ఒకటి అమర్చాను. చేర్చినవారి పేరు, తేదీ లేనిదే అది దేనినీ స్వీకరించదు. స్వీకరించనప్పుడు ఆ సంగతి తెర మీద చెప్పి తీరుతుంది. ఆ నియమం తుకారాం గారిది, ఆ సిగ్గు నాది.

1989 జూలై 31న, ముప్పై ఆరేళ్ల సేవానంతరం, వారు పదవీ విరమణ చేస్తున్నారు. వారి సర్వీసు కార్డులో హోదాలకూ బదిలీలకూ గడులున్నాయి గాని, యాదమ్మ సంగతి రాయడానికి చోటు లేదు. ఏమని రాయమంటావని నిన్న ఆమెనే అడిగాను. “నా పానం నిలబెట్టిండని రాయి” అంది.

తుకారాం గారు, వారి ధర్మపత్ని శ్రీమతి తారాబాయి గారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటూ, ఆ మాట రాసిన చిట్టీని వారి కార్డుకు గుండుసూదితో గుచ్చాను. తేదీ వేశాను. కింద యాదమ్మ వేలిముద్ర ఉంది.

— సైదులు, కంప్యూటర్ విభాగం