హారతికి అంటుకున్న అల్యూమినియం దుమ్ము

"దసరాలోగా షెడ్డుకి దుమ్ము లాగే గొట్టం పెట్టించీస్తాను మేస్త్రీ, పైడితల్లమ్మ మీద ఒట్టు" అని నాకు మాట ఇచ్చి తప్పిన మా వర్క్‌షాపు యజమాని, నేటి సభాధ్యక్షుల వారికి ముందుగా నమస్కారం. ముఖ్య అతిథిగా వచ్చిన కాలేజీ లెక్చరర్ పద్మకుమారి గారికి, విజయనగరం మోటారు మెకానిక్కుల సంఘం పెద్దలకు, నా ఉపన్యాసం ఎప్పుడు అయిపోతుందా అని వంటశాల వైపు చూస్తున్న కుర్రాళ్లకు కూడా నమస్కారం. (నవ్వులు)

వీడ్కోలు సభలో మాట్లాడేవాడు ఇలా మొదలుపెట్టకూడదని నాకు తెలుసు. ఇంటి దగ్గర వేరే మాటలు అనుకునే బయలుదేరాను. ఇందాక అధ్యక్షుల వారి ప్రసంగం విన్నాక అవి నోటికి రావడం లేదు.

అయినా మర్యాదలు కానిద్దాం. మన కార్యదర్శి వెంకటేష్ ఈ చంద్రమౌళి మేస్త్రిని మృదుభాషి అన్నాడు. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, వాళ్ల ముఖాలు ఒకసారి చూడండి. (నవ్వులు) నేను మెరుగుపెట్టిన ట్యాంకు మసకగా ఉందని నలుగురిలో పేచీ పెట్టి, ఆ సాయంత్రమే అదే ట్యాంకులో చూసుకుంటూ తల దువ్వుకున్న లారీ ఓనరు కూడా మొదటి వరసలోనే కూర్చున్నారు. వారికీ కృతజ్ఞతలు.

అల్యూమినియం అద్దంలా ఎలా మెరుస్తుందని పద్మకుమారి గారు అడిగారు. ఆ మెరుపు పైన పూసేది కాదమ్మా. బుల్లెట్ బండి ఇంజను మూతైనా, లారీ డీజిల్ ట్యాంకైనా, ముందు గరుకు కాగితంతో, తరువాత సన్న కాగితంతో గీతలన్నీ అరగదీసి, అప్పుడు గిర్రున తిరిగే గుడ్డ చక్రానికి పాలిష్ సబ్బు పట్టించి, దాని మీద అదిమి పట్టుకోవాలి, చేతులు లాగేస్తున్నా వదలకూడదు. చివరికి అందులో మన కనుబొమల వెంట్రుకలు విడివిడిగా కనపడాలి. మరి అరిగిన లోహం ఎక్కడికి పోతుంది? గాలిలోకి, దూలాల మీదకి, మా ముక్కుల్లోకి. దీపావళి మతాబుల్లో తెల్లగా మండేది ఆ పొడే. ఈ సంగతి జిల్లా గ్రంథాలయంలో చదివి నేను యజమాని గారికి చెప్పాను. "పుస్తకాలు సదివీసి భయపడతన్నావు మేస్త్రీ" అని నవ్వారు. నేను వదల్లేదు. అప్పుడు వేసిందే ఆ ఒట్టు.

ఆ ఏడు దసరా వచ్చింది. గొట్టం రాలేదు. వాకిట్లో కొత్త బోర్డు మాత్రం వచ్చింది. అక్షరాలన్నీ అల్యూమినియంవే, ఎండలో చూస్తే కళ్లు చెదిరేవి. వాటికి మెరుగుపెట్టింది నేనూ, కూర్మయ్యా.

కూర్మయ్య ఎవరో కొత్తవాళ్లకు తెలియదు. ఖాళీ కుర్చీ ఉన్నా కూర్చోకుండా ఆ తలుపు దగ్గర నిలబడ్డాడే, అతనే. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మా షెడ్డులో చేరాడు. నన్ను మావా అంటాడు. నేను వంద తిట్లు తిట్టి చేసే పనిని అతను ఈలవేసుకుంటూ చేసేవాడు. దానికి నాకు కోపం కూడా వచ్చేది.

ఆయుధపూజ నాడు మన షెడ్లలో ఏం చేస్తామో మీకు నేను చెప్పనక్కర్లేదు. యంత్రాలు ఆపి, దూలాల దగ్గర నుంచి అంతా దులిపి, చక్రాలకు పసుపూ కుంకుమా పెట్టి, ఒక్కొక్కదానికీ హారతి ఇస్తాం. ఆ రోజు ఏడాది పొడవునా పేరుకున్న దుమ్ము చీపుళ్లకు లేచి, షెడ్డంతా మంచులా కమ్ముకుంది. నేను గుమ్మం బయట గుమ్మడికాయతో ఉన్నాను. కూర్మయ్య పళ్లెం పట్టుకుని నా వైపు తిరిగి, "మావా, దుమ్మింకా దిగనేదు. కూసింత ఆగుదుమా?" అన్నాడు. ఆగమన్నాను, హారతి వాకిట్లోనే ఇవ్వమని కూడా అన్నాను. యంత్రాలు లోపల ఉంటే హారతి వాకిట్లోనా అని యజమాని గారు నన్ను కసిరి, కూర్మయ్యతో అన్న మాట ఇది:

"దుర్ముహూర్తం వచ్చీస్తన్నాది, ఎలిగించరా. ఆ తలుపులు మూసీండి, గాలికి హారతి ఆరిపోతే మంచిది కాదు."

తలుపులు మూశారు. కూర్మయ్య కర్పూరం వెలిగించి, ఆరిపోకుండా దోసిలి అడ్డం పెట్టాడు.

మంచినీళ్లు ఇప్పించండి.

తలుపు సందుల్లోంచి తెల్లటి వెలుగు, ఆ వెంటనే పెద్ద చప్పుడు. మేము తలుపు తన్ని తెరిచేసరికి నేల మీద దుమ్ముకుప్ప మండుతోంది. ఎవరో కంగారులో పూజ బిందె దాని మీద కుమ్మరించారు. అల్యూమినియం మంటకు నీళ్లు విరుగుడు కాదు, అది ఇంకా ఎగిసింది. మిగిలినవాళ్లు కాలిన జుట్టుతో బయటపడ్డారు. కూర్మయ్య వేళ్లు మాత్రం ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆ చేతులు మళ్లీ చక్రం ముందుకు రాలేదు.

ఇది ప్రమాదం. ప్రమాదం అని ఊరుకుంటే నేనూ ఊరుకుందును. ఆసుపత్రిలో కట్లు విప్పకముందే ఊళ్లో ఒక కథ పుట్టింది. కూర్మయ్య పొద్దున్నే ఎండుచేపలు తిని, స్నానం చెయ్యకుండా హారతి ముట్టుకున్నాడట, అమ్మవారికి ఆగ్రహం వచ్చిందట. అతని భార్య లక్ష్మణమ్మ యజమాని గారి అరుగు ముందుకు వెళ్లి అడిగింది. "బాబూ, ఆ రోజు మా ఇంట్ల పొయ్యే ఎలిగించనేదు. ఉపాసం ఉన్న మనిషి మీద ఏటీ నింద?" లోపలి నుంచి తలుపు గడియ పడింది.

ఆ నింద ఇప్పటికీ అతని వెంటే ఉంది. సొంత కూతురి పెళ్లిలో హారతి పళ్లెం దగ్గరకు రాకుండా బంధువులే అతన్ని వెనక్కి నెట్టారు. ఆ పూట అతను విస్తరి ముందు కూర్చోలేదు. ఈ సన్మానం నా పక్కన అతనికి కూడా చెయ్యండి అని నేను అడిగితే, మన వెంకటేష్ ఏమన్నాడు? "శుభమా అని సేసుకుంటన్నాం, ఎందుకు మేస్త్రీ." తలదించుకోకు నాయనా, నువ్వు విన్నదే నువ్వు అన్నావు. కానీ ఇందాక అధ్యక్షుల వారు ఇదే మైకులో "ఒకడి మైల వల్ల మా షెడ్డుకు పట్టిన దోషం" అన్నారే, అది విన్నమాట కాదు. వారు కల్పించిన మాట.

నేను కొన్ని పుస్తకాలు చదివాను. రాజ్యాలు కూలినప్పుడు రాజులు ఆ తప్పు ఎవరి మీద తోశారో చదివాను. అందుకని వారిని ఒకటే అడుగుతాను. మైల వల్లే మంట పుట్టి ఉంటే శాంతి చేయిస్తే సరిపోయేది. మరి వారు బ్రాహ్మణ్ణి పిలిచే ముందే కొత్తవలస నుంచి రేకుల పనివాళ్లను పిలిపించి, వెనక గోడకు గొట్టం, ఫ్యానూ ఎందుకు పెట్టించారు? దోషం ఎక్కడుందో వారికి ఆ రోజే తెలుసు. ఇన్నేళ్లూ నేను ఆ షెడ్డు వదలకుండా ఉన్నది ఆ ఫ్యాను ఆపనివ్వకుండా చూడడానికి. దాన్ని విశ్వాసం అని ఇందాక పొగిడారు. కాదు, కాపలా.

అధ్యక్షా, మైకు ఇదిగో. నాకు పొగడ్తలు అక్కర్లేదు. కూర్మయ్య తప్పు లేదని అతను వినేటట్టు, ఈ సభలో ఒక్కసారి చెప్పండి.

(అధ్యక్షులు మైకు అందుకోకుండా జేబులోంచి సెల్‌ఫోను తీశారు.)

సెల్‌ఫోను చూసుకుంటున్నారు. సరే. శాలువా కప్పిన పెద్దలకు, ఇంతసేపు ఓర్చుకున్న మీకు, భోజనాలు చల్లారిపోతున్నా ఏమీ అనని వంటవాళ్లకు నా ధన్యవాదాలు. ఇక నాకు సెలవు ఇప్పించండి. వెళ్లేముందు వారు చెప్పని మాట నేను చెప్పి పోతాను. కూర్మయ్యా, నీ మైలా కాదు, అమ్మవారి ఆగ్రహమూ కాదు. నీ చేతులు కాల్చినవాడు ఇక్కడే, ఈ పూలదండ వేసుకుని అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్నాడు. వీడే, గణపతిరావు.