స్లాబు మీద ఉప్పు

“తాతా, హాల్లో కొక్కెం ఉండనే ఉంది గదా, మా బుజ్జిదాని ఉయ్యాల దానికే కట్టేద్దామా?”

ఒద్దమ్మా, ఒద్దు. ముందు నువ్వు దాని కిందనుంచి ఇవతలికి రా. పిల్లనెత్తుకుని అక్కడే నిలబడిపోనావేటి? ఆఁ, గోడవారకి కూకో. ఇప్పుడు సెప్తాను.

ఈ స్మృతి నగర్ ఇల్లు కట్టినప్పుడు నాకెంత పొగరో తెల్సా? భిలాయి స్టీలు ప్లాంటులో ఇనప ఊసలు తీసే మిల్లులో పని మరి. “నా సేతులమీదుగా ఎల్లిన ఇనుమయ్యా, ఈ స్లాబుకేటవుద్ది” అని మేస్త్రీతో గొప్పలు పోయీవోడిని. ఆ కొక్కెం కూడా నానే ఒంచి, లోపలి ఊసలకి కట్టించినాను, మనవలు ఊగుతారని. అప్పటికి మీ నాన్నకి పెళ్ళయింది... కాదు కాదు, సంబంధాలు సూస్తన్నాం.

మరి ఓ వానాకాలం మీ మామ్మ బట్టలారెయ్యడానికి మేడెక్కి, పాచిమీద జారి పడిపోనాది. నెల్లాళ్ళు మంచం దిగలేదు. నాకు బెంగట్టుకుంది. మనూళ్ళో నూతిగట్టు పాచి పడితే అది సచ్చిపోతాదని మా అమ్మ కళ్ళుప్పు జల్లీది, తెల్సా? నానూ అదే సేసినాను. ఏటా వానలకి బేసినెడు ఉప్పు. పక్కింటి దీదీ “ఏం భయ్యా, ఛత్ మీద అచార్ పెడుతున్నావా” అని నవ్వీది, మేడమీద ఊరగాయ పెడతన్నానని ఎగతాళి.

తర్వాత నువ్వు పుట్టినావు. ఇరవయ్యొకటో రోజున ఆ కొక్కేనికే ఉయ్యాల కట్టి, పాటలు పాడి నిన్నేసినారు. కొన్నాళ్ళకి కొక్కెం సుట్టూ ఎర్రటి మరక. నానేటి సేసినాను? సున్నం కొట్టీసినాను. మళ్ళీ ఒచ్చింది. మళ్ళీ కొట్టీసినాను. ఎవుళికీ సెప్పలేదు. నా స్లాబుకి వంకేటని, సిగ్గమ్మా.

ఓ పొద్దున మీ అమ్మ నీళ్ళు పొయ్యడానికి నిన్ను తీసుకెల్లింది. దభీమని సప్పుడు. పరిగెత్తి సూద్దును గదా, పళ్ళెమంత సిమెంటు పెళ్ళ ఉయ్యాల్లో పడుంది, నీ తలగడమీద. ఆ పూట నీకు నీళ్ళు పొయ్యడం ఓ పావుగంట ఆలస్యమైతే... ఒద్దులే.

పైన ఊసలు పొరలు పొరలుగా లేచిపోనాయి. ప్లాంటులో కట్టుబడి పనులు సూసే మా మేనల్లుడు అప్పారావు ఒచ్చి సూసినాడు. తుప్పట్టిన ఇనుము ఉబ్బుతాదట, ఉబ్బి సిమెంటుని తోసేస్తాదట. “సముద్రం లేని భిలాయిలో ఇంత వేగిరం ఎలా తినీసింది? ఉప్పేటైనా తగిలిందా మావా?” అన్నాడు. వాననీళ్ళతో నా ఉప్పంతా స్లాబులోకి దిగిపోయిందన్నమాట.

మీ మామ్మే అంది, “నాను మళ్ళీ పడిపోతానని జల్లినాడు బాబూ, ఏటీ అనకు” అని. తిట్టినా బాగుణ్ణు.

అంతా సెక్కించి, కొత్త ఊసలేసి కట్టించినాం. కొత్త కొక్కెమే అది. ఏనుగుని కట్టినా ఊడదన్నాడు అప్పారావు. అయినా ఇన్నేళ్ళలో దానికేటీ తగిలించలేదు. రోజూ పొద్దున్నే వెదురు కర్రతో స్లాబంతా కొట్టి సూస్తాను. బోలుగా పలికిందంటే లోపల పెళ్ళ ఇడిపోతన్నట్టే, అదే కంగారు.

ఇవాళా కొట్టేను. గట్టిగానే పలికింది. పలికినా సరే, ఉయ్యాల స్టాండుకి కట్టుకో తల్లీ. నువ్వూ నీ కూతురూ నూరేళ్ళు సల్లగా ఉండాలి.

అదిగో, మళ్ళీ అటెల్తన్నావు. ఇటమ్మా, ఇటు. గోడవారకి.