మేస్త్రీ గొంతు

నేను రాసే మనిషిని కాదు. బడి మానేశాక కాగితం మీద నాలుగు వాక్యాలు వరసగా పెట్టింది లేదు. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న శనివారం, అడవి జంతువులను చూడ్డానికొచ్చే అతిథుల క్యాంపులో నాకు చేసిన వీడ్కోలు సభలో నేనన్న మాటలు ఊరికి చేరేసరికి మూడు రకాలయ్యాయి. జెలిపా ఏడ్చిందని కొందరు, మేనేజరును శపించిందని కొందరు, మతి చలించిందని కొందరు. నేను ఏడవలేదు, ఎవరినీ శపించలేదు. మాట్లాడింది మాట్లాడినట్టు, ఎక్కడ నవ్వారో, ఎక్కడ ఆగానో కూడా, గుర్తున్నంత మేరకు ఇక్కడ పెడుతున్నాను.

*

సభకు పెద్దగా కూర్చున్న గ్రామపెద్ద యోబె గారికి, ప్రార్థన చేసిన పాస్టరు సిమెయోను గారికి, మా మేనేజరు జింబా గారికి, వంటింటి అన్నదమ్ములకు, బట్టలుతికే అక్కచెల్లెళ్లకు, చోటు చాలక గుమ్మం బయట నిలబడ్డ డ్రైవర్లకు, జాడ తీయడంలో ఈ లోయంతటికీ గురువైన లాజరో బావకు, ముందు వరసలో కూర్చున్న నా చెల్లెలి కూతురు తియెసెకు నమస్కారం. ప్రభువు మీ అందరినీ చల్లగా చూచుగాక.

నా గొంతు చిన్నది. వెనకవాళ్లకు వినబడకపోతే చెయ్యెత్తండి. ("వినబడట్లేదు మరదలా!" అని లాజరో. నవ్వులు.) బావా, నేనింకా మొదలే పెట్టలేదు. (నవ్వులు.)

జింబా గారు నా గురించి పావుగంట మంచి మాటలు చెప్పారు. ఇరవై నాలుగేళ్లలో ఒక్క పొద్దు కూడా అతిథులకు వేడినీళ్లు ఆలస్యం కాలేదన్నారు. అది పూర్తిగా నిజం కాదు, ఏనుగు రెండుసార్లు డ్రమ్ములు దొర్లించేసింది. (నవ్వులు.) ఇప్పుడు కప్పు మీద కొత్తగా పెట్టిన పైపుల్లోనే ఎండ వేడికి నీళ్లు కాగుతున్నాయి, కనుక నా పొయ్యితో పని తీరింది. దానికి నాకేం బాధ లేదు. కళ్లలో పొగ పోవడానికే ఏడాది పడుతుందని నర్సమ్మ చెప్పింది.

అయితే ఆయన చివర్లో ఇంకో మాటన్నారు. "మా పెద్దమ్మ చేతి చలవ వల్లే ఈ క్యాంపులో సాయంత్రం ఐదింటికి సింహం గర్జించేది" అన్నారు. మీరు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నేను తీసుకోలేను. ఎందుకో చెప్పాలనే లేచాను, లేకపోతే మీరు భుజం మీద కప్పిన ఈ కొత్త చితెంగె గుడ్డ కళ్లకద్దుకుని కూర్చునేదాన్ని.

తెల్లవారకముందే పొయ్యి రాజేసే మనిషికి వినడం తప్ప వేరే పని ఉండదు. చర్చి సంఘంలో ఆడవాళ్ల పాటలు నేనే నేర్పుతాను కాబట్టి ఏ గొంతు ఎవరిదో పట్టుకోవడం అలవాటు. అలా మేస్త్రీ గొంతు, తమ్ముడి గొంతు నాకు తెలిశాయి. ఆ రెండు మగసింహాలకు, ఆ అన్నదమ్ములకు, ఆ పేర్లు పెట్టింది మనమే. మేస్త్రీ గర్జన చివర చిన్న జీర ఉండేది, మా సంఘం ముసలి డీకను పాట అయ్యాక గొంతు సవరించుకున్నట్టు. తమ్ముడు ఎప్పుడూ సగం ఊపిరి వెనకగా అందుకునేవాడు. లాజరో జీపు తీయబోతూ పొయ్యి దగ్గర ఆగేవాడు.

"మరదలా, ఇవాళ దొరలెటు?"

"మేస్త్రీ ముసోలో వాగు దగ్గర. తమ్ముడు ఇంకా ఇటే ఉన్నాడు, నత్తనడక."

"నువ్వు కట్టెలు పెట్టే దానివా, నా పొట్ట కొట్టే దానివా?" అని ఒక రొట్టెముక్క తీసుకుని వెళ్లేవాడు. ఆ రొట్టెలు అతిథులవి. ఇరవై నాలుగేళ్ల తర్వాత ఒప్పేసుకోవచ్చు కదా బావా. (నవ్వులు. లాజరో లేచి దణ్ణం పెట్టాడు.)

ముసోలో దగ్గర అయిదు ఆడసింహాలు, ఏడు కూనలు. నదికి అవతలి గట్టున ఇల్లూ వాకిలీ లేని మరో ముగ్గురు మగసింహాలు. నది నిండుగా ఉన్నన్నాళ్లు వాళ్లు అటు, వీళ్లు ఇటు. నీళ్లు మోకాలి లోతుకు దిగిన రోజుల్లో మగసింహం కొట్లాటకు ముందు చెవి పెడుతుంది, అవతల ఎన్ని గొంతులున్నాయా అని. ఇద్దరుంటే ముగ్గురు కూడా వెనకాడతారు, ఒక్కడేనని తెలిస్తే ఆగరు. గెలిచినవాడు ముందు చేసేది పాతవాడి కూనల్ని చంపడం, తల్లులకు పాలింకితే తొందరగా తనవి పుడతాయని. దేవుడు చేసిన లోకంలో ఇది ఇలా ఎందుకుందని ఒకసారి పాస్టరుగారిని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "జెలిపా, టీ తాగుతావా?" అన్నారు. (నవ్వులు. పాస్టరుగారు కూడా నవ్వారు.)

మూడేళ్ల కిందట, పత్తి ఏరే రోజుల్లో, మేస్త్రీ మెడకు ఉచ్చు తీగ బిగిసింది. నాలుగు రోజులు తిరిగి చనిపోయాడు. ఆ తీగ ఎవరిదని నేను ఈ హాల్లో అడగను. వీడ్కోలు సభలో అడిగే ప్రశ్న కాదది. (ఎవరూ నవ్వలేదు.)

ఆ తర్వాత తమ్ముడు నోరు మూసుకున్నాడు. కూనల దగ్గరే ఉండేవాడు, తినేవాడు, కాపలా తిరిగేవాడు, గర్జించేవాడు కాదు. "వాడికి తెలివొచ్చింది మరదలా, ఒంటిగాడికి మౌనమే గోడ" అన్నాడు లాజరో. రెండు నెలలు అలా నెట్టుకొచ్చాడు. నది రోజురోజుకూ దిగుతోంది. ఇంకో రెండు నెలలు గడిచి వానలు పడితే కూనలు గట్టెక్కేవి.

జింబా గారూ, మీరు పొయ్యి దగ్గరికి వచ్చి నాతో మాట్లాడింది ఆ రోజుల్లోనే. మీకు గుర్తుండకపోవచ్చు.

"పెద్దమ్మా, అంతంత దూరం నుంచి వచ్చినవాళ్లకు దుమ్ములగొండి నవ్వు వినిపించి పంపమంటావా?"

"వాడు మాట్లాడటం లేదు బాబూ."

"హెన్రిక్ వదిలేసి పోయిన పెట్టె ఉందిగా. అందులో ఏ నంబరు ఎవరిదో నీకొక్కదానికే తెలుసట."

తెలిసింది నాకొక్కదానికే. సింహాల మీద పరిశోధన చేసిన ఆ హెన్రిక్ రెండేళ్లు వాటి గొంతులు ఆ పెట్టెలోకి రికార్డు చేస్తే, పక్కన కూర్చుని ఇది ఫలానావాడు, అది ఫలానావాడు అని చెప్పింది నేనే. పెట్టెలో పదకొండు నంబర్లున్నాయి, పేర్లు లేవు. నాలుగో నంబరు మేస్త్రీ.

ఇక్కడ నేను ఎవరి మీదా నెపం వేయను. జింబా గారు అడిగింది ఏదో ఒక గర్జన. నాలుగు నొక్కమని ఆయన చెప్పలేదు, అది నా ఆలోచన. ఒకసారి పక్క ఊరి సంఘంతో పాటల పోటీకి ముందు మాలో మధ్యస్వరం పాడే ఆమెకు జ్వరం వస్తే, పాస్టరమ్మ కిటికీ బయట నిలబడి పాడింది. లోపల కూర్చున్నవాళ్లెవరూ కనిపెట్టలేదు, పోటీ మేమే గెలిచాం. (పాస్టరుగారు తల దించుకున్నారు. నవ్వులు.) మేస్త్రీ గొంతు వినబడితే అవతలి ముగ్గురూ ఇక్కడ ఇద్దరున్నారని అనుకుంటారు, నది దాటరు అనుకున్నాను. మోకరించి ప్రార్థించాను. దేవుడు వద్దనలేదు. వద్దనలేదు కనుక సరే అన్నాడని నేనే అనుకున్నాను.

అతిథులు సాయంత్రం జీపులు దిగి చల్లని పానీయాలు తాగే దిబ్బ దగ్గర, చెదపుట్ట వెనక స్పీకరు పెట్టి, ఐదింటికి నాలుగు నొక్కాను. మొదటివారం నిజంగానే అవతలి గట్టు నుంచి చప్పుడు లేదు. నాకు గర్వం కూడా వచ్చింది.

రెండోవారం తమ్ముడు వచ్చాడు.

ముసోలో నుంచి దిబ్బకు రెండు గంటల నడక. రెండు నెలలుగా మాటలేనివాడు, వస్తూనే దారి పొడుగునా గర్జించుకుంటూ వచ్చాడు. ఒకసారి గర్జించి ఆగుతాడు, వింటాడు, మళ్లీ నడుస్తాడు. దిబ్బ దగ్గర జీపులను చూడలేదు, మనుషులను చూడలేదు. పుట్ట చుట్టూ మూడుసార్లు తిరిగి, వాసన చూసి, మేస్త్రీ ఎప్పుడూ ఉండే కుడిపక్క కాస్త చోటు వదిలి పడుకున్నాడు. జీపులో ఒకావిడ "ఎంత అందంగా ఉన్నాడో!" అంది. ఫోటోలు తీశారు. తెల్లారేదాకా అక్కడే ఉన్నాడని మర్నాడు లాజరో జాడ చూసి చెప్పాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు. ఆ తర్వాత రోజూ వచ్చాడు. (కాసేపు ఆగాను. ఎవరో మంచినీళ్లు ఇచ్చారు.)

"బాబూ, ఆపేద్దాం. వాడు అన్నను వెతుక్కుంటున్నాడు. అక్కడ పిల్లలు ఒంటరిగా ఉంటున్నారు" అన్నాను.

"పెద్దమ్మా, అది మృగం. వాడికి అన్నేంటి, వదినేంటి? ఇంకో పది రోజులు. మళ్లీ నేనే ఆపమంటాను."

నేను ఎదురు చెప్పే మనిషిని కాదు. ఇరవై నాలుగేళ్లు నన్ను అందరూ మెచ్చుకున్నది అందుకే. ఇంకో పది రోజులు నొక్కాను.

ఏ సింహమూ రోజూ అదే గంటకు, అదే చోట, అదే ఊపిరితో గర్జించదు. అవతలివాళ్లు మూడు వారాలు విని, చూసి పోదామని వచ్చారు. జాడలన్నీ ముందు పుట్ట దగ్గరే ఉన్నాయి. స్పీకరు కింద పడి ఉంది, దాని మీద ఒకడు మూత్రం పోసి వెళ్లాడు. అక్కడ మేస్త్రీ లేడని తెలిశాక ముసోలోకు నడిచారు. ఆ పూట తమ్ముడు అన్నను వెతుక్కుంటూ ఇంకా కిందికి, ఇసుక మేట దాకా పోయి ఉన్నాడు.

పొద్దున లాజరోతో నేనూ వెళ్లాను. ఏడు కూనల్లో ఆరింటి శవాలు దొరికాయి. ఒక తల్లి చచ్చిన కూనను నోట పట్టుకుని నీడ మారినప్పుడల్లా చోటు మారుస్తోంది, పడుకోబెడుతోంది, నాకుతోంది. తమ్ముడు మధ్యాహ్నానికి వచ్చాడు. ముగ్గురికి ఎదురు నిలిచాడు, కానీ ఎంతోసేపు కాదు. తొడ చీలి కొండలవైపు పోయాడు. మళ్లీ అతని గొంతు నేను వినలేదు. మూడేళ్లుగా రోజూ పొద్దున్నే చెవి పెట్టి వింటూనే ఉన్నాను.

ఆ యేడు క్యాంపుకు కొత్త బోర్డు వచ్చింది, మీకు తెలుసు, 'మూడు సింహాల క్యాంపు' అని. ఇందాక జింబా గారు అందమైన చట్రం కట్టించి నాకిచ్చిన ఫోటోలో ఉన్నది నది దాటి వచ్చిన ఆ ముగ్గురే. మా ఇంట్లో పటం పెట్టదగ్గ గోడ ఒక్కటే ఉంది జింబా గారూ, దాని మీద ప్రభువు పటం ఉంది. మన్నించాలి, ఇది ఇక్కడే ఉంచండి. (జింబా గారు నవ్వారు. ఇంకెవరూ నవ్వలేదు.)

ఇక అసలు మాట చెప్పి కూర్చుంటాను. ఆ ముగ్గురిలో ఇద్దరు ఇప్పుడు కొండవైపు ఇంకో మందను పట్టుకున్నారు. ముసోలో దగ్గర ఒక్కడే ఉన్నాడు, వాడూ నోరు మూసుకున్నాడు. మళ్లీ తొమ్మిది కూనలున్నాయి. తండ్రులు చేసినదానికి వాటితో ఏం సంబంధం? నదికి అవతల మళ్లీ ఎవరో ఉన్నారు, నాకు తెలియని గొంతులు. పోయినవారం జింబా గారు నన్ను పిలిచి, "వెళ్లే ముందు ఆ నంబర్ల సంగతి తియెసెకు నేర్పించు పెద్దమ్మా, ఉద్యోగం తియెసెదే" అన్నారు. మీరు ఆ మాట మంచి మనసుతోనే అన్నారు. మా చెల్లెలు ఆ రోజు కోడిని కోసింది.

గురువారం బట్టల గదిలో తలుపు వేసుకుని ఆ పెట్టె తీశాను. నాలుగో నంబరును చాలా చిన్నగా పెట్టి ఒక్కసారి పూర్తిగా విన్నాను, చివరి జీర దాకా. తర్వాత తుడిచేశాను. మిగతా పదీ తుడిచేశాను. ఇప్పుడు ఆ పెట్టె ఖాళీ. (జింబా గారు లేచారు. యోబె గారు కూర్చోమని చెయ్యి చూపారు.)

మేస్త్రీని తీగ ఒకసారి చంపింది. ఈ భూమ్మీద అతని గొంతు మిగిలింది ఆ పెట్టెలోనే, దాన్ని చంపింది నేను. మెచ్చుకోమని చెప్పడం లేదు. తియెసే, నీ ఉద్యోగం కూడా నేనే తీసేశాను తల్లీ. ముందు నీకు చెప్పి ఉండాల్సింది. చెబితే నువ్వు ఏడుస్తావని, నేను కరిగిపోతానని చెప్పలేదు. (తియెసె లేచి బయటికి వెళ్లిపోయింది.)

భోజనాలు సిద్ధంగా ఉన్నాయి, న్షిమా ముద్ద చల్లారితే బాగుండదు. ఇన్నేళ్లు నా చేతి నీళ్లు వాడుకున్నందుకు, నా చిన్న గొంతును ఇంతసేపు విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. మీ అందరి దగ్గర సెలవు తీసుకుంటున్నాను. వెళ్లొస్తాను.

*

సభలో జరిగింది ఇంతే. సభ తర్వాత జరిగింది మూడు ముక్కల్లో రాసి ముగిస్తాను.

సోమవారం జింబా గారు కొత్త పెట్టె తెప్పించారు. మంగళవారం తియెసెను పిలిచి ఉద్యోగం ఇచ్చారు. కొండవైపు ఉన్న ఆ ఇద్దరి గొంతులు పట్టుకురావడానికి లాజరో జీపులో పంపుతున్నారు. ఏది ఎవరి గొంతో తియెసె మొదటిరోజే సరిగ్గా చెప్పిందట. సంఘంలో పక్కన నిలబెట్టుకుని దానికి వినడం నేర్పింది నేనే.

తియెసె నాతో మాట్లాడటం లేదు. నిన్న పొద్దున వాకిట్లోంచి పోతుంటే, "తియెసే, ఒక్కసారి ఆలోచించు" అన్నాను. "ఆ పది రోజులూ నొక్కేటప్పుడు నువ్వు ఆలోచించావా పెద్దమ్మా?" అంది. దాని జీపు మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలికొచ్చి ఇది రాయడానికి కూర్చున్నాను.

పాస్టరమ్మగారూ, ఈ కాగితాలు మీకిస్తున్నాను. సంఘం బీరువాలో దాచండి. ఊరికి చూపిద్దామనే మొదలుపెట్టాను, ఇప్పుడు వద్దు, ఎవరికీ చూపించకండి. తియెసె పేరు ఇందులో ఉంది, దానికింకా ఇరవై రెండేళ్లే.